వేలికొన మీద వెలుగు, నిమిషం లెక్క

1954లో డెన్మార్క్ వైద్యురాలు లిస్ మ్యాడ్సెన్ బిస్సంకటక్‌లో క్రిస్టియన్ ఆస్పత్రి మొదలుపెట్టే నాటికి ఆ ఊరున్న రాయగడ ప్రాంతం ఇంకా కోరాపుట్ జిల్లాలోదే. విడి జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. ఊపిరాడని మనిషిని మంచం మీద మోసుకొచ్చి దించితే ఆ రోజుల్లో నర్సు చేతిలో ఉన్నవి కళ్లు, చెవులు, సెకన్ల ముల్లున్న గడియారం. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో మంచం పక్కనే నిలబడి చెప్పే పరికరం అప్పటికి వార్డుల్లో మామూలు వాడుకలోకి రాలేదు. ఇవాళ కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆస్పత్రిలో వేలికి క్లిప్పు పెడితే క్షణాల్లో అంకె వెలుగుతుంది.

ఈ మార్పు వెనక రెండు కథలున్నాయి. పాతది, లెక్కపెట్టడం. 1707లో ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లోయర్ నాడి కొలవడానికి ప్రత్యేకంగా ఒక గడియారం చేయించాడు. ఆయన స్వయంగా ఉబ్బసం రోగి, దాని మీద ఒక గ్రంథమే రాశాడు. అయితే శ్వాస లెక్క అసలు విలువ బయటపడింది పెద్ద నగరాల్లో కాదు, కొండ ప్రాంతంలో. పాపువా న్యూగినీ కొండల్లో పనిచేసిన ఫ్రాంక్ షాన్, ఆయన సహచరులు 1984లో ఒక సంగతి తేల్చారు: ఎక్స్‌రే లేకపోయినా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో, డొక్కలు ఎగరేస్తున్నాడో లేదో చూస్తే పసిబిడ్డ న్యుమోనియాను పోల్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు ఆ దారిలోనే వచ్చాయి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంతకు చేరినా మించినా ప్రమాదమే.

మనకు దగ్గర్లోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు చదువురాని మంత్రసానులకు కూడా ఈ లెక్క అందేలా పూసలతో, ఇసుక గడియారంతో ఒక సాధనం తయారుచేశారు. ఊళ్లోనే న్యుమోనియాను గుర్తించి మందు ఇస్తే పిల్లల చావులు తగ్గుతాయని 1990లో లాన్సెట్ పత్రికలో చూపించారు. ఆశా కార్యకర్తలు ఇవాళ చేస్తున్న పనికి పునాదుల్లో ఇదొకటి. నా దృష్టిలో వైద్య చరిత్రలో దీనికి దక్కాల్సినంత చోటు ఇంకా దక్కలేదు.

రెండోది వెలుగు కథ. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పెదవులు, గోళ్లు నీలంగా మారతాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. కాని 1947లో అమెరికాలో జరిగిన పరీక్షలో, ఆక్సిజన్ 80 శాతం దగ్గరికి పడేదాకా చాలామంది ఆ రంగును గట్టిగా పోల్చలేకపోయారు. అది అప్పటికే ప్రమాదకరమైన స్థాయి. అంతకుముందే 1935లో జర్మనీలో కార్ల్ మాథెస్ చెవితమ్మె గుండా రెండు రంగుల కాంతి పంపి ఆక్సిజన్ కొలిచాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పైలట్ల కోసం గ్లెన్ మిలికన్ దాన్ని తేలిక చేశాడు. అయినా చెవిని వేడిచేయాలి, నొక్కి రక్తం తీసేసి సరిచూసుకోవాలి. రోగుల దగ్గర అది సాగలేదు.

చిక్కుముడి విప్పింది జపాన్ ఇంజనీరు తకువో ఆయోగి. నిహాన్ కొహ్డెన్ సంస్థలో 1972 ప్రాంతంలో ఆయన కొలవాలనుకున్నది గుండె పంపే రక్తాన్ని. సిరలోకి రంగు ఎక్కించి చెవి దగ్గర అది పలుచబడే తీరు చూడాలి. నాడి కొట్టుకున్నప్పుడల్లా గీత అదిరి లెక్క చెడిపోతోంది. ఆ అదురును చెరిపేయబోయి ఆయన కనుక్కున్నది ఏమిటంటే, ఆ అదురు ధమనిలోని తాజా రక్తం వల్ల వచ్చేది; ఎరుపు కాంతిలోనూ, కంటికి కనిపించని పరారుణ కాంతిలోనూ దాని నిష్పత్తి చూస్తే ఆక్సిజన్ శాతం తెలిసిపోతుంది. చర్మం, ఎముక, సిరలు అన్నీ లెక్కలోంచి తప్పుకుంటాయి. 1974లో పేటెంటుకు దరఖాస్తు పడింది. 1980ల్లో అమెరికా ఆపరేషన్ గదుల్లోకి చేరాక పరికరం లోకమంతా పాకింది. ఆయోగి 2020 ఏప్రిల్‌లో కన్నుమూశారు. సరిగ్గా ఆ ఏడాదే కోవిడ్ పుణ్యమా అని ఆయన పరికరం మన ఇళ్లలోకి కూడా వచ్చింది.

ఇక్కడ కోరాపుట్, రాయగడల సంగతి వేరేగా చెప్పుకోవాలి. ఈ అంకె చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నది మాత్రమే. హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పదు. 15 గ్రాములున్న మనిషి 98 శాతం దగ్గర ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తాడు. 5 గ్రాములే ఉన్న బాలింత అదే 98 దగ్గర ఆరున్నర మాత్రమే మోస్తుంది. పైగా రక్తం అంత తక్కువైనవారు నీలంగా మారడం కూడా కష్టం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 64 మందికి రక్తహీనత. దానికి మలేరియా, సికిల్ సెల్ తోడయ్యే ఏజెన్సీలో 98 చూసి నిశ్చింతపడే వీలు లేదు. సికిల్ సెల్ రోగుల్లో ఆ అంకె అంత నిక్కచ్చిగా ఉండదు. నల్లని చర్మం వారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశముందని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. చలిరాత్రి తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకున్నవారి రక్తంలో చేరే విషవాయువును కూడా మామూలు పరికరం ఆక్సిజన్‌గానే లెక్కేస్తుంది. చల్లబడిన వేళ్ల దగ్గర పరికరానికి నాడే సరిగా అందదు.

అందుకే అనుభవమున్న నర్సు పరికరం పెట్టాక కూడా మణికట్టు వదలదు. నాడి చూస్తున్నట్టే ఉండి, రోగికి తెలియకుండా ఛాతీ కదలికలను నిండు నిమిషం లెక్కపెడుతుంది. చూస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరు మార్చేస్తాడు మరి. మాట పూర్తిచేయలేక మధ్యలో ఆగుతున్నాడా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, పడుకోలేక కూర్చునే ఉన్నాడా, ఇవన్నీ రాసుకుంటుంది. అయితే రోగి రికార్డులో శ్వాస సంఖ్య దగ్గర లెక్కపెట్టకుండా ఊరికే ఒకే అంకె వేసుకుపోవడం చాలాచోట్ల కనిపించే అలవాటు. అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంట్లో పసిబిడ్డ దగ్గుతో ఎగశ్వాస తీస్తుంటే ఏడుపు ఆగాక చొక్కా ఎత్తి నిమిషం లెక్కపెట్టండి. లెక్క పైన చెప్పిన అంకెకు చేరినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, వేలి మీది అంకె ఎంత బాగున్నా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.