పీఠం

విగ్రహాన్నో స్తంభాన్నో నేలకు ఎత్తుగా నిలిపే ఆధారం పీఠం. దీని తద్భవమే పీట: ముక్కాలిపీట, కత్తిపీట, పెళ్లిపీటలు.

ఆలయంలో మూలమూర్తిని పీఠంపై అష్టబంధనంతో, అంటే ఎనిమిది ద్రవ్యాలు దంచి చేసిన ముద్దతో, కదలకుండా బిగిస్తారు. శివలింగానికి పానవట్టమే పీఠం. అభిషేకజలం దాని ముక్కు గుండా, సాధారణంగా ఉత్తరానికి, జారుతుంది. బుద్ధుడిది తరచూ పద్మపీఠం.

పీఠం ఒక్కోసారి విగ్రహమంత ఘనమైనది. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమ ఫ్రాన్స్ కానుక. పీఠం ఖర్చు మాత్రం అమెరికన్లదే. 1885లో పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ పిలుపుతో లక్షమందికి పైగా సామాన్యులు చందాలిచ్చారు. పునాదితో కలిపి పీఠం ఎత్తు సుమారు 47 మీటర్లు, ప్రతిమది 46.

ఆసనం నుంచి అధికారానికి, దైవస్థానానికి అర్థం విస్తరించి పీఠాధిపతి అనే మాట, అలంపురం జోగులాంబ వంటి శక్తిపీఠాల పేరు వచ్చాయి. గ్రంథారంభంలోని ముందుమాట పీఠిక.