ఖాళీ జాబితా అంటే సున్నా కాదు: ఏఐ ఏజెంట్ల కోసం డేటా జాబితా సాధనానికి వివరణ రాయడం

డేటా జాబితా సాధనం చేసే పని చిన్నది. ఒక సేకరణలో ఏయే పట్టికలు ఉన్నాయో వాటి పేర్లు చెబుతుంది, అంతే. సీకాన్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఓపెన్ డేటా పోర్టళ్లలో 'ప్యాకేజ్ లిస్ట్' చేసేది ఇదే. మనిషైతే ఆ పేర్లు చూసి, అనుమానం వస్తే పట్టిక తెరిచి కింద ఉన్న గమనికలు చదువుతాడు. ఏఐ ఏజెంట్ దారి వేరు. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (ఎంసీపీ) పద్ధతిలో ప్రతి సాధనానికీ ఒక పేరు, ఒక వివరణ, ఏ వివరాలిచ్చి పిలవాలో చెప్పే నమూనా ఉంటాయి. ఆ వివరణ చదివే ఏజెంట్ సాధనాన్ని ఎప్పుడు వాడాలో, వచ్చిన జవాబును ఎలా అర్థం చేసుకోవాలో తేల్చుకుంటుంది. అందులో రాయనిది దాని దృష్టిలో లేనట్టే.

వినతిపత్రాలకూ నిజనిర్ధారణ నివేదికలకూ అంకెలు వెతకడానికి మనవాళ్లు కూడా ఏఐని అడగడం మొదలైంది కాబట్టి ఇది సాంకేతిక నిపుణులకే వదిలేసే విషయం కాదు.

2001 నుంచి మొదలయ్యే నేర గణాంకాల సేకరణ ఒకటి ఉందనుకుందాం. అందులో 'కారంచేడు, 1985' అని వెతికితే ఖాళీ జాబితా వస్తుంది. 'చుండూరు, 1991' అన్నా అంతే. వివరణలో ఆ కాలపరిమితి రాసి లేకపోతే ఏజెంట్ 'దాడుల నమోదు లేదు' అని రాసే ప్రమాదం ఉంది. చదివేవారికి అది 'దాడులు లేవు' అన్నట్టే వినిపిస్తుంది. 'దళిత' అని వెతికినా చిక్కే. ప్రభుత్వ పట్టికల శీర్షికల్లో ఉండేది 'షెడ్యూల్డ్ కులాలు'. మనం పోరాడి నిలబెట్టుకున్న పేరు ఆ శీర్షికల్లో లేదు కాబట్టి, ఏ మాటతో వెతకాలో సాధనమే చెప్పాలి.

పట్టిక దొరికాక అసలు పని మొదలవుతుంది. ఎన్‌సీఆర్‌బీ 'క్రైమ్ ఇన్ ఇండియా' ప్రకారం 2022లో షెడ్యూల్డ్ కులాలపై నేరాల కేసులు 57,582, రేటు లక్షకు 28.6. ఈ రేటుకు హారం 2011 జనగణనలోని ఎస్సీ జనాభా, అంటే 20.14 కోట్లు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో హత్య, ఇల్లు తగలబెట్టడం రెండూ ఉంటే హత్య కింద మాత్రమే లెక్క పడుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే. క్రైస్తవ దళితులు పెద్ద సంఖ్యలో ఉన్న కోస్తా జిల్లాల అంకెలు చూసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఇక 2014 జూన్ 2కు ముందు కరీంనగర్ కేసులు కూడా 'ఆంధ్రప్రదేశ్' వరుసలోనే ఉన్నాయి. 2013ను 2015తో పోల్చి 'ఆంధ్రలో అట్రాసిటీలు తగ్గాయి' అని ఏజెంట్ చెప్పిందంటే తప్పు దానిది కాదు, విభజన మాట రాయని మనది.

పరిశోధకులకు ఇవన్నీ అలవాటుగా తెలుసు. ఆ అలవాటునే వాక్యాలుగా రాయాలి. నేనైతే ఇలా రాస్తాను:

"ఈ సాధనం పట్టికల పేర్లు మాత్రమే ఇస్తుంది, అంకెలు ఇవ్వదు. 2001కి ముందరి సంవత్సరాలు ఇందులో లేవు. దళితుల గురించి వెతకడానికి 'షెడ్యూల్డ్ కులాలు' అని వాడాలి. జాబితా ఖాళీగా వస్తే 'ఈ సేకరణలో పట్టిక లేదు' అని చెప్పాలి, 'ఘటన జరగలేదు' అని చెప్పరాదు. పట్టికల్లోని అంకెలు పోలీసులు నమోదు చేసిన కేసులవి, జరిగిన దాడులవి కావు. ఆంధ్రప్రదేశ్‌కు 2014కు ముందు, తర్వాత అంకెలను నేరుగా పోల్చరాదు."

వివరణ మరీ పొడవైతే ఏజెంట్ ముఖ్యమైనది వదిలేసే అవకాశం ఉంది కాబట్టి హారం, ఎఫ్‌ఐఆర్ లెక్క, క్రైస్తవుల విషయం ఆయా పట్టికల వివరాల్లోనే పెట్టడం మేలు. జాబితా పేజీలుగా వస్తే మొత్తం ఎన్ని, ఇంకా ఎన్ని మిగిలాయి అన్నది ప్రతి జవాబులోనూ ఉండాలి. సర్వర్ పనిచేయకపోతే ఖాళీ జాబితా పంపకూడదు, 'సర్వర్ అందలేదు' అని స్పష్టంగా పంపాలి. సాధనాన్ని అందరికీ ఇచ్చే ముందు కారంచేడు ప్రశ్న ఒకసారి అడిగి చూస్తే వివరణ సరిపోయిందో లేదో తెలిసిపోతుంది.