చేపలతొట్టిలో కనపడని పనివాళ్ళు

కిందటేడు బోనస్ రాగానే నేను చేసిన మొదటి ఘనకార్యం, ఓ రెండడుగుల చేపలతొట్టి, ఆరు గోల్డ్ ఫిష్‌లు కొనడం. షాపతను "ప్రతి శనివారం మొత్తం ఖాళీ చేసి కడిగెయ్యండి సార్, అద్దంలా ఉంటుంది" అన్నాడు. మనం ఇంజనీరింగ్ చదివినవాళ్ళం కదా, చెప్పింది చెప్పినట్టు చేసేశాను. గులకరాళ్ళు, ఫిల్టర్‌లో స్పాంజి, అన్నీ కుళాయి కింద పెట్టి బ్రష్షుతో తోమి, కొత్త నీళ్ళు పోశాను. తొట్టి నిజంగానే అద్దంలా ఉంది. బుధవారానికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. అయ్యో, ఇంకా బాగా కడగాలేమో అనుకుని ఈసారి మరింత శ్రద్ధగా తోమాను. మూడు వారాలయ్యేసరికి ఒక్కటే మిగిలింది.

ఫోన్‌లో అమ్మకి చెప్తే, "బతికున్నవాటిని తెచ్చి చంపడం ఎందుకురా? ఆ తొట్టిలో మట్టి పోసి తులసి మొక్క పెట్టుకో" అంది.

సరే, ఆఫీసులో సర్వర్ పడిపోతే రూట్ కాజ్ ఎనాలిసిస్ చేస్తాం కదా, చేపలకి చెయ్యకపోతే ఎలా అని కూర్చుని చదవడం మొదలెట్టాను. చదువుతూ చదువుతూ 1829కి వెళ్ళి తేలాను.

ఆ ఏడు లండన్‌లో నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే డాక్టరు, ఒక చిమ్మట గూడుని తడిమట్టితో పాటు సీసాలో పెట్టి మూత బిగించాడు. చిమ్మట సంగతి అలా ఉంచితే, మట్టిలోంచి ఫెర్న్ మొక్క మొలిచింది. ఆయన తోటలో ఫెర్న్‌లన్నీ లండన్ పొగకి చచ్చిపోతుంటే, ఇది మాత్రం మూసిన సీసాలో హాయిగా పెరిగింది. లోపలి తడి ఆవిరై, గాజుకి తగిలి, మళ్ళీ మట్టిలోకే దిగుతోందన్నమాట. 1833లో ఇలాంటి గాజుపెట్టెల్లో మొక్కల్ని ఓడమీద సిడ్నీ పంపితే బతికే చేరాయి. తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని హిమాలయాల దిగువ తోటలకి తెచ్చింది కూడా ఈ పెట్టెల్లోనే. ఇవాళ సగం నీళ్ళు, సగం మట్టి పోసి కప్పల్నీ నాచునీ పెంచుతున్న గాజుపెట్టెలకి మూలపురుషుడు ఈయనే అనుకోవచ్చు.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ కథ ఇటలీకి మారుతుంది. జాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్సులో పల్లెటూరి పిల్ల. పారిస్‌లో బట్టలు కుట్టి పేరు తెచ్చుకుని, పెళ్ళయ్యాక సిసిలీలో మెస్సీనా చేరింది. ఆక్టోపస్ జాతికి చెందిన ఆర్గొనాట్ అనే జీవి పల్చటి గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల అది సొంతంగా కట్టుకుందా, ఇంకోదాన్నుంచి కాజేసిందా అని అప్పటి పండితుల గొడవ. ఈవిడ 1832 ప్రాంతంలో గాజుతొట్లు చేయించి, సముద్రపు నీళ్ళలో వాటిని బతికించి, గుల్ల విరగ్గొట్టి చూసింది. అవి మళ్ళీ అతుకు వేసుకున్నాయి. సొంత ఇల్లే అని తేలిపోయింది! కానీ సిసిలీ వదిలి వెళ్ళేటప్పుడు ఆవిడ సామాను పంపిన ఓడ మునిగిపోయి, రాతలూ బొమ్మలూ చాలావరకు పోయాయి. బ్యాకప్ లేదు మరి. ఆవిడ పేరు చాన్నాళ్ళు మరుగున పడిపోయింది. 1997లో శుక్రగ్రహం మీద ఒక గొయ్యికి ఆవిడ పేరు పెట్టారు, అదొక్కటి నయం.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం 1846 నాటి సంగతి. ఏనా థిన్ అనే ఆవిడ టార్క్వే సముద్రతీరం నుంచి పగడపు జీవుల్ని లండన్ తెచ్చుకుంది. అవి దొర్లిపోకుండా సూదీదారంతో స్పాంజికి కుట్టింది. సముద్రం దగ్గర్లో లేదు, నీళ్ళు మార్చే వీల్లేదు. అందుకని తెరిచిన కిటికీ ముందు నిలబడి, నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగబోయాలి, రోజూ అరగంట నుంచి ముప్పావుగంట. మనం టీ చల్లార్చినట్టు. ఆ పని చేసింది వాళ్ళింటి పనమ్మాయి. మరుసటేడు సముద్రపు నాచు వెయ్యడంతో ఆ చాకిరీ తగ్గింది. పగడాలు మూడేళ్ళు బతికాయి. ఏనా థిన్ పేరు పుస్తకాల్లో ఉంది. పనమ్మాయి ఊసు వచ్చినచోట "పనిమనిషి" అని మాత్రమే ఉంది. ప్రపంచంలో మొదటి ఎయిర్ పంపుల్లో ఒకటి ఆ అమ్మాయి రెండు చేతులు!

1849-50ల్లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు, కొన్ని నీటిమొక్కలు పెట్టి లెక్క సరిపోయిందనుకున్నాడు. చేప వదిలింది మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలింది చేప తీసుకుంటుంది. కొన్నాళ్ళకి ఆకులు కుళ్ళి నీళ్ళు మురిగాయి. అప్పుడాయన చెరువు నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తినేశాయి, వాటి గుడ్లు చేపలకి తిండయ్యాయి, నీళ్ళు తేటపడ్డాయి. నాకు తెలిసినంతలో ఇదే అసలైన బగ్ ఫిక్స్ :)

ఆ తర్వాత అంతా జాతరే. బ్రిటన్‌లో గాజు మీద పన్ను 1845లోనే ఎత్తేశారు, గాజు చవకైంది. 1853లో లండన్ జూలో మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో "అక్వేరియం" అనే మాట ఇంటింటికీ చేరింది. జనం రైళ్ళెక్కి సముద్రానికి పోయి, రాళ్ళ సందుల్లో ఉన్నవన్నీ ఏరుకొచ్చారు. ఆ తీరాలు ఎలా బోసిపోయాయో గాస్ కొడుకు ఎడ్మండే 1907లో బాధపడుతూ రాశాడు. తెచ్చినవాటిలో చాలా భాగం నాలాంటివాళ్ళ చేతుల్లో పడి చచ్చాయి. 1860ల నాటికి మోజు తీరిపోయింది.

ఎందుకు చచ్చాయి? వారింగ్టన్ లెక్కలో ఆక్సిజన్ ఉంది, కార్బన్ డయాక్సైడ్ ఉంది. అమ్మోనియా లేదు. చేప మొప్పల్లోంచి నిరంతరం అమ్మోనియా వదుల్తుంది. అది దానికే విషం. ఆ విషాన్ని విరిచేది ఎవరన్నది 1877 దాకా తేలలేదు. ఫ్రాన్సులో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు మురికినీళ్ళని ఇసకలోంచి పోనిచ్చారు. అమ్మోనియా నైట్రేట్‌గా మారింది. ఇసకకి క్లోరోఫాం పట్టించగానే ఆ మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నది ప్రాణమున్నదే! 1890 ప్రాంతంలో వినొగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాలని విడదీసి చూపించాడు. ఒక గుంపు అమ్మోనియాని నైట్రైట్‌గా, ఇంకో గుంపు నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు పనులూ ఒక్కటే చేసే బాక్టీరియా కూడా ఉందని 2015లో బయటపడింది. ఆ ఏడు వచ్చిన రెండు పరిశోధనల్లో ఒకదానికి అది దొరికింది, చేపల పెంపకంలో నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్‌లోనే!

ఇవి ఉండేది నీళ్ళలో కన్నా ఎక్కువగా గులకరాళ్ళ మీద, గాజు మీద, స్పాంజి మీద. జిగటగా చేతికి తగిలే పొర ఉంటుందే, ఆ పొరలో. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మరి నేను చేసిందేంటి? ప్రతి శనివారం మొత్తం సిబ్బందిని క్లోరిన్ నీళ్ళతో కడిగి డ్రైనేజీలో పోశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

షాపతన్ని తిట్టుకోవాలని ఉంది కానీ, ఆ ఆలోచన నాకూ అలవాటైనదే. మూడేళ్ళుగా మెయింటెనెన్స్ ప్రాజెక్టులో ఉన్నాను. కొత్తది కట్టినవాళ్ళకి స్టేజి మీద అవార్డులు. రాత్రి రెండింటికి లేచి అది పడిపోకుండా చూసినవాళ్ళ పేరు మెయిల్‌లో కూడా ఉండదు. అంతా సవ్యంగా నడుస్తుంటే "అసలీ టీమ్ ఏం చేస్తోంది?" అంటారు. నేనూ స్పాంజిని చూసి అదే అన్నాను. మురికి అనుకున్నాను.

మా అమ్మమ్మగారి ఊళ్ళో నూతిలో చేపపిల్లల్ని వదిలేవారు, పురుగులు పట్టకుండా. ఏడాదికోసారి పూడిక తీసేవారే గానీ, ఒరల మీద పాకుడు జోలికి ఎవరూ పోయేవారు కాదు. బాక్టీరియా సంగతి వాళ్ళెవరికీ తెలీదు. చేపలు మాత్రం బతికాయి.

ఇప్పుడు నా పద్ధతి మార్చాను. వారానికోసారి పావువంతు నీళ్ళే మారుస్తున్నా, అదీ క్లోరిన్ విరిచే మందు వేశాకే. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాతనీళ్ళలోనే ఓసారి పిండి పెట్టేస్తున్నా. తొట్టి అద్దంలా లేదు, వెనకవైపు పచ్చగా పాకుడు కూడా పట్టింది. మిగిలిన ఆ ఒక్క చేపా ఏడు నెలలుగా తిరుగుతోంది. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాన్నే అడుగుతోంది.