మూసీ వంతెనలు: నాలుగున్నర శతాబ్దాల సింహావలోకనం

1578లో ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ ప్యారిస్‌లో సీన్ నది మీద పాన్ నఫ్ వంతెనకు శంకుస్థాపన చేశాడు. అది పూర్తయ్యేసరికి 1607 వచ్చింది. అక్కడ పునాదిరాయి పడిన ఆ ఏడాదే ఇక్కడ గోల్కొండ కోటకు దిగువన మూసీ మీద రాతి వంతెన తయారై నిలబడింది. తర్వాతి శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ ఈ దారిన వచ్చి, మూసీ వంతెన అందంలో పాన్ నఫ్‌కు ఏమంత తీసిపోదని రాసిపెట్టాడు. ఇప్పుడు మనం పురానాపూల్ అంటున్నది ఆ వంతెననే.

సిద్దిపేట వాళ్లకు పెద్ద ఏరు దూరపు సంగతి. కూడవెల్లి వాగు, మోయతుమ్మెద వాగు మానేరులో కలిసి, హల్దీ వాగు మంజీరలో కలిసి చివరికి గోదావరికే చేరతాయి గానీ మన ఊరి మధ్య నుంచి నదేదీ పారదు. వంతెన అనగానే ఇప్పటి పిల్లలకు కోమటి చెరువు మీద షికారుకు కట్టిన వేలాడే వంతెన గుర్తొస్తుంది. పాత తరానికి మాత్రం మూసీ వంతెనలు బాగా ఎరుకే. పాణం బాగాలేకపోతే ఉస్మానియా దవాఖాన, భూమి తగాదా ముదిరితే హైకోర్టు, దుకాణానికి సరుకు కావాలంటే బేగంబజార్, తిరిగి రావడానికి గౌలిగూడ బస్టాండు. పట్నంలో మన పనులన్నీ ఆ నది ఒడ్డునే ఉండేవి. వంద కిలోమీటర్ల అవతల ఉన్నా ఆ వంతెనల చరిత్రలో మనకూ పాలుంది.

ఎక్కడైనా ఊరు పెరిగి, రేవులో పడవలు చాలక వంతెన కడతారు. మూసీ మీద వంతెనే ముందు పుట్టింది, ఊరు తర్వాత వచ్చింది. చార్మినార్ లేచింది 1591లో, అంటే వంతెన కట్టిన 13 ఏళ్లకు. వంతెన కట్టించినవాడు ఇబ్రహీం కుతుబ్‌షా. విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకుని, తెలుగు మీద మక్కువ పెంచుకుని, మన కవుల నోట మల్కిభరాముడైన సుల్తాను ఈయనే. హుస్సేన్‌సాగర్ కూడా ఈయన కాలానిదే.

యువరాజు మహమ్మద్ కులీ తన ప్రియురాలు భాగమతి కోసం వరద ఏటిలోకి గుర్రాన్ని దింపాడని, కొడుకు ప్రాణం మీది తీపితో తండ్రి వంతెన కట్టించాడని కథ. వినడానికి ఎంత బాగున్నా, 1578 నాటికి ఆ యువరాజుకు పన్నెండు పదమూడేళ్లకు మించవు. అసలు కారణం వ్యాపారంలో ఉంది. గోల్కొండ నదికి ఉత్తరాన ఉంది. ఓడలు ఆగే మచిలీపట్నం దారి దక్షిణపు ఒడ్డు మీదుగా తూర్పుకు పోతుంది. వజ్రాలు, అద్దకపు బట్టలు, ఎడ్లబండ్లు, సైన్యం, అన్నీ మూసీ దాటాల్సిందే. వంతెన పడ్డాక కిక్కిరిసిన కోటలోని జనానికి అవతలి ఒడ్డున చోటు దొరికింది. ఆ చోటే హైదరాబాద్ అయింది. టావెర్నియర్ చూసిన నాటికి వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు వంతెనకు ఇవతలి పేటలో కాపురముండేవాళ్లు. పొద్దున పది పదకొండు గంటలకు వంతెన దాటి నగరంలోకి పోయి, పరదేశి వర్తకులతో బేరాలాడి, సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు. నగరంలో ఇళ్లు కొలువు ఉద్యోగులవి, సర్దార్లవి.

సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, 22 కమాన్లు, నది అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసేది ఆ ఎత్తే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఎండాకాలం చిన్న వాగులా ఉండే ఏరు. దానికి అంత ఎత్తు ఎందుకు? కట్టినవాళ్లు మూసీని వానకాలం చూశారు, అందులోనూ దాని విశ్వరూపాన్ని చూశారు. వంతెన ఎత్తును నిర్ణయించాల్సింది నదికి కోపం వచ్చిన రోజే అని వాళ్లకు తెలుసు.

తర్వాత 250 ఏళ్ల పాటు నగరం ఆ ఒక్క వంతెన మీదే నడిచింది. 1820 వరదలో అది దెబ్బతింటే నిజాం సికందర్ జా మరమ్మతు చేయించాడు. 1831లో చాదర్‌ఘాట్ దగ్గర రెండో వంతెన వచ్చింది. బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్నది ఆ పక్కనే. కట్టిన మద్రాసు ఇంజనీరు కర్నల్ ఆలిఫెంట్ పేరే దానికి పెట్టారు. నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్, 19వ శతాబ్ది చివర్లో బేగంబజార్ దిక్కున ముస్లింజంగ్ పూల్ లేచాయి.

నాలుగు వంతెనలకూ పరీక్ష 1908 సెప్టెంబర్ 28న వచ్చింది. రెండు రోజులు తెరపి లేకుండా కురిసిన వానకు మూసీ, దాని ఉపనది ఈసీ ఒక్కటై నగరం మీద పడ్డాయి. కోల్సావాడి పేట ఆనవాలు లేకుండా పోయింది. అఫ్జల్‌గంజ్, ఘాన్సీబజార్ నీట మునిగాయి. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. నయాపూల్, ముస్లింజంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన మూడూ తెగిపోయాయి. నగరం రెండు ముక్కలై, ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య మిగిలిన దారి అన్నిటికన్నా పాతదైన పురానాపూల్ ఒక్కటే. ఇవాళ్టి ఉస్మానియా దవాఖాన ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు కింద ఏటేటా వాళ్లను తలుచుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నది దగ్గరికి పోయి, హిందూ ఆచారం ప్రకారం పసుపు కుంకుమలతో మూసమ్మకు శాంతి చేశాడని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరాన్ని చూసి ఊరుకోలేదు, నది ఎగువకు పోయి చూశాడు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే ఆ వానకు 221 తెగిపోయాయని తేల్చాడు. చెరువుల కింద బతికిన సిద్దిపేట సీమ వాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. గొలుసుకట్టులో పై చెరువు తెగితే కింది చెరువు కట్ట నిలవదు. వరదకు మందు ఎగువనే ఉందని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని ఆయన నివేదిక ఇచ్చాడు. ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నది ఒడ్డులకు రూపం ఇచ్చింది. తెగిన వంతెనలు మళ్లీ లేచాయి. నయాపూల్‌కు ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఉస్మానియా దవాఖాన వెలిశాయి.

ఆ రెండు జలాశయాలు నగరానికి వరదను తప్పించాయి, నీళ్లు తాగించాయి. అంత మేలు చేసిన ఆ కట్టలే మనకు ఒక మరుపును కూడా తెచ్చాయి. కింద నది పారడం తగ్గేకొద్దీ అది ఇక లేవదన్న ధీమా పెరిగింది. అలా చాదర్‌ఘాట్ దగ్గర, మూసారాంబాగ్ దగ్గర నీటికి కాస్త పైన కాజ్‌వేలు కట్టుకున్నాం. జంట జలాశయాల గేట్లు ఎత్తారంటే ఆ దారులు మూసేయాల్సిందే. 1994లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ఏకంగా నది నడుమనే కట్టుకున్నాం. 2020 అక్టోబర్‌లో మూసారాంబాగ్ వంతెన మునిగింది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి వరద బస్ స్టేషన్‌లోకి వచ్చింది, ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవాల్సి వచ్చింది. మరునాడు కరీంనగర్, మెదక్ వైపు బస్సులను జూబ్లీ బస్ స్టేషన్ నుంచే నడిపారు. 1908 వరదకు అప్పటికి దాదాపు 117 ఏళ్లు. ఇంజనీర్లకు విద్య తక్కువై ఇలా జరిగిందని నేననుకోను. ఎండిన నదిని చూసి కొలత తీసుకోవడం వల్ల జరిగింది.

పురానాపూల్ మీద ఇప్పుడు బండ్లు తిరగవు. వాటికి పక్కన వేరే వంతెన ఉంది. పాత వంతెన మీద కూరగాయల అంగడి సాగుతుంది. వజ్రాల వర్తకులు నడిచిన రాళ్ల మీద టమాటాలు, ఆకుకూరలు కుప్పలు పోసి అమ్ముకునేవాళ్ల వల్ల వంతెనకు అవమానమేమీ లేదు, జనం కాలు ఆడినన్నాళ్లే ఏ కట్టడమైనా బతుకుతుంది. కమాన్ల సందుల్లో మొలిచే రావి మొక్కల్ని ఏటా పీకించకపోవడం, కింద మురుగును అలా పారనివ్వడం మాత్రం క్షమించరానివి.

ఇక ఈ కథలోకి సిద్దిపేట నేరుగా వచ్చింది. 2025 సెప్టెంబర్ 8న గండిపేట దగ్గర శంకుస్థాపన జరిగిన గోదావరి తాగునీటి పథకం రెండు, మూడో దశల అంచనా 7,360 కోట్ల రూపాయలు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చి, అందులో రెండున్నర టీఎంసీలను ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో నింపి, మూసీని మళ్లీ పారించాలని సంకల్పం. మల్లన్నసాగర్ మన జిల్లాది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు దాని కింద మునిగాయి. ఆ ఊళ్ల వాళ్లు గజ్వేల్ పక్క కాలనీల్లో కొత్త బతుకు వెతుక్కుంటున్నారు. వాళ్లు వదులుకున్న నేల మీద నిలిచిన నీళ్లు రేపు పురానాపూల్ కమాన్ల కింద పారబోతున్నాయి. ఆ నీళ్లలో మురుగు కలపకుండా చూడమని పట్నాన్ని అడిగే హక్కు వాళ్లకు అందరికన్నా ముందు ఉంది. మూసీ మీద ఇప్పుడు కడుతున్న, రేపు కట్టబోయే ప్రతి వంతెననూ 1908 నాటి నీటిమట్టానికి పైన కట్టమని అడిగే హక్కు మనందరిదీ.