యుద్ధాశ్వాల ఋణం

యుద్ధం ముగిసిన పిమ్మట సైనికులు ఇండ్లకు మరలివస్తారు. వారిని మోసిన గుఱ్ఱాలు ఎక్కడికి పోతాయి?

1914లో మొదలైన ప్రపంచ సంగ్రామంలో బ్రిటిష్ సైన్యపు పశువైద్యశాలలలో అన్ని రంగాలలోను కలిపి దాదాపు 25 లక్షల చేరికలు నమోదైనవి. వాటిలో నూటికి 80 వంతులు స్వస్థతపొంది మరల పనిలోకి వెళ్ళినవి. ఇది సామాన్య విజయం కాదు. గుఱ్ఱానికి మోకాలి దిగువ కండ లేదు. ఎముకలు, స్నాయువులు మాత్రమే. స్నాయువుకు రక్తప్రసారం తక్కువ. అది గాయపడితే మానడానికి నెలలు పడుతుంది. మొదట విశ్రాంతి, చన్నీటి ధార, కట్టు. పిదప మర్దన, కళ్ళెం పట్టి మెల్లగా నడిపించడం. కట్టకడపట రౌతు బరువు. ఈ క్రమంలో తొందరపడితే మానిన కాలు మరల చెడుతుంది. కనుకనే కోలుకొనే గుఱ్ఱాలకు ప్రత్యేక శిబిరాలు కూడ ఏర్పడినవి.

అయితే ఆ శుశ్రూష యావత్తు గుఱ్ఱాన్ని తిరిగి యుద్ధానికి పంపడం కొరకే. 1918లో యుద్ధం తీరింది, శ్రద్ధయు తీరింది. మన హైదరాబాదు సంస్థానపు ఆశ్వికదళం కూడ పాల్గొన్న ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో సేవచేసిన బ్రిటిష్ గుఱ్ఱాలను వేలకొలదిగా అక్కడనే అమ్మివేశారు. అవి బండ్లు లాగుతూ, రాతిగనులలో చాకిరి చేస్తూ ముసలివైనవి.

1930లో ఒక సేనానాయకుని భార్య డొరతీ బ్రూక్ కైరో నగరానికి వచ్చి వాటిని చూచింది. ఎముకలు తేలి, కాళ్ళు వంగిపోయిన ఆ జీవులను గూర్చి 1931లో లండనులోని ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు లేఖ వ్రాసింది. ప్రజలిచ్చిన విరాళాలతో కొద్ది ఏండ్లలో దాదాపు 5,000 గుఱ్ఱాలను కొన్నది. అందులో అధికభాగం చికిత్సకు అందని స్థితిలో ఉన్నవే. వాటికి కడుపునిండ మేత, మెత్తని గడ్డిపఱపు, కొద్దిదినాల విశ్రాంతి ఇచ్చి, ఆపైన బాధలేని మరణం కల్పించింది. ఇదేమి వైద్యమని ఎవరైన అడుగవచ్చు. మాన్పలేని చోట బాధ తొలగించడం కూడ వైద్యధర్మమే.

యజమాని పస్తుంటే గుఱ్ఱం కడుపు నిండదని ఆమె గ్రహించింది. నిర్ధనులైన బండివారిని నిందించక, వారి పశువులకు 1934లో కైరోలోనే ఉచిత వైద్యశాల నెలకొల్పి, దానికి యుద్ధాశ్వాల స్మారకమని పేరు పెట్టింది. 1955లో ఆ నగరంలోనే కన్నుమూసింది. ఆ వైద్యశాల నుండి పెరిగిన సంస్థ తరువాత పలుదేశాలకు విస్తరించినది.

పనికి వచ్చే జీవిని బాగుచేయడం తెలివి. పనికిరానిదైన పిదప దాని వద్దకు పోయి కాలు పట్టి చూడడం ఋణం తీర్చుకోవడం.