ఎడిన్‌బరో పెంచిన అతిథులు

1828లో జాన్ గ్రాహమ్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్ తీరంలో ఒక సీ అనిమోన్‌ను ఏరి, ఎడిన్‌బరోలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఎముకలు లేవు, మెదడు లేదు. నోటి చుట్టూ మెత్తని స్పర్శకాలు మాత్రమే ఉన్నాయి. ఒక గాజుపాత్ర, సముద్రపు నీళ్లు, అప్పుడప్పుడు కాస్త ఆల్చిప్ప మాంసం దొరికితే దానికి చాలు.

అప్పటికే దానికి ఏడేళ్లుంటాయని డాలియెల్ అంచనా వేశాడు. ఆయన 1851లో కన్నుమూశాడు, అనిమోన్ బతికే ఉంది. దాని పోషణ ప్రొఫెసర్ జాన్ ఫ్లెమింగ్‌కు, తర్వాత డాక్టర్ జేమ్స్ మెక్‌బెయిన్‌కు దక్కింది. 1879లో అది రాయల్ బొటానిక్ గార్డెన్ క్యురేటర్ జాన్ శాడ్లర్ దగ్గరికి చేరింది. ఆయన కూడా పోయాక రాబర్ట్ లిండ్సే దాని ఆలనాపాలనా చూశాడు. అందరూ ‘గ్రానీ’ అని ముద్దుగా పిలుచుకున్న ఆ జీవిని చూడవచ్చినవారు సందర్శకుల పుస్తకంలో సంతకాలు చేసేవారు. 1887 ఆగస్టులో అది చనిపోతే ‘ది స్కాట్స్‌మన్’ పత్రిక సంతాప వార్త ప్రచురించింది.

అదే నగరానికి 2011 డిసెంబర్ 4న చైనా నుంచి ప్రత్యేక విమానంలో టియాన్ టియాన్, యాంగ్ గువాంగ్ అనే జెయింట్ పాండాలు వచ్చాయి. అప్పటికి 17 ఏళ్లుగా బ్రిటన్‌లో పాండా లేదు. జనం విరగబడి చూశారు.

డాలియెల్ ఎవరి అనుమతీ అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లో లేదు. పాండాల సంగతి పూర్తిగా వేరు. 1980ల నుంచి చైనా వాటిని బహుమతిగా ఇవ్వడం మానేసి, అద్దెకిచ్చే పద్ధతి పెట్టింది. ఎడిన్‌బరోతో కుదిరింది పదేళ్ల ఒప్పందం. పిల్ల పుడితే అది కూడా చైనాదే.

పిల్ల మాత్రం పుట్టలేదు. ఆడ పాండా గర్భం దాల్చగలిగేది ఏడాదికోసారి, అదీ రెండు మూడు రోజులే. కృత్రిమ గర్భధారణ ప్రయత్నాలు ఏళ్ల తరబడి సాగినా ఫలించలేదు. ఇక గ్రానీ ఎవరి ప్రయత్నమూ లేకుండానే, 1857లో ఒక్క రాత్రిలో 230 పిల్లలను కన్నది.

పాండాల రాక దేశాల మధ్య స్నేహానికి గుర్తు. దాని విలువ తక్కువేమీ కాదు. అయితే ఒక జీవి ఎంతకాలం బతకగలదో తెలియాలంటే, ఒక మనిషి ఆయుష్షుకు మించిన ఓపిక కావాలి. ఏ ఒప్పందమూ లేకుండా ఐదుగురు మనుషులు ఆ ఓపికను ఒకరి తర్వాత ఒకరు అందిపుచ్చుకున్నారు. అందుకే ఒక సీ అనిమోన్ అరవై ఏళ్లు దాటి బతకగలదని లోకానికి తెలిసింది. పాండాల గడువును మరో రెండేళ్లు పొడిగించారు. అది తీరగానే, 2023 డిసెంబర్‌లో, రెండూ చైనాకు తిరిగి వెళ్లాయి.