పుర్రె, డొక్క, వెన్ను – ఆదోని సీమ కరువుల పేర్లలో దేహం

ప్రవేశిక

కర్నూలు జిల్లా పశ్చిమాన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నల్లరేగడి నేలలకూ, పత్తికీ, నేతకూ ఎంత ప్రసిద్ధమో కరువులకూ అంత ప్రసిద్ధం. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో ఇది ఒక భాగం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. అందువల్ల ఈ ప్రాంతపు కరువుల చరిత్రను బళ్లారి జిల్లా చరిత్రతో కలిపి చదవవలసి ఉంటుంది.

దక్షిణాది కరువుల పేర్లు ప్రధానంగా మూడు విధాలుగా ఏర్పడ్డాయి. నందన కరువు, ధాత కరువు వంటివి పంచాంగాన్ని బట్టి వచ్చాయి. గుంటూరు కరువు వంటివి ప్రాంతాన్ని బట్టి వచ్చాయి. మూడవ విధానికి మూలం మానవదేహం. పుర్రెల కరువు, డొక్కల కరువు అన్నవి ఈ కోవకు చెందినవి. మొదటి రెండు విధాల పేర్లు కరువు ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో తెలుపుతాయి. ఆ కరువు మనుషులను ఏ స్థితికి తెచ్చిందో తెలిపేవి మూడవ విధం పేర్లే. వీటిని చారిత్రక సాక్ష్యంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆకలి, అస్థిపంజరం

వయోజనుని దేహంలోని 206 ఎముకల్లో 80 దేహమధ్యాక్షానికి చెందినవి. పుర్రె, వెన్నెముక, ఉరఃపంజరం ఈ భాగంలో చేరతాయి. పుర్రెలో 22 ఎముకలు, వెన్నులో 26, పక్కటెముకలు పన్నెండు జతలు. చెవిలోని చిన్న ఎముకలు ఆరు, నాలుక మొదట ఉండే ఎముక ఒకటి, రొమ్ము ఎముక ఒకటి కలిస్తే లెక్క పూర్తవుతుంది. మెదడు, వెన్నుపాము, గుండె, ఊపిరితిత్తులు వీటి రక్షణలోనే ఉంటాయి.

కొన్ని నెలల ఆకలికి పెద్దవారి ఎముకల ఆకారం మారదు, వాటిని కప్పినవి కరిగిపోతాయి. మొదట కొవ్వు, ఆపైన కండ తరుగుతాయి. కణతల దగ్గరి కండరం క్షీణించి కణతలు గుంటలు పడతాయి. కంటి వెనుక కొవ్వు తగ్గి కళ్లు లోతుకు పోతాయి. పక్కటెముకల నడుమ కండ సన్నగిల్లి ఒక్కొక్క ఎముకా విడిగా కనిపిస్తుంది. వీపున వెన్నుపూసల మొనలు వరుసగా పైకి లేస్తాయి. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువుల క్రమంలో మాంసం, మేదస్సు తరువాతిది అస్థి. ధాత కరువును జనం ‘ధాతు కరువు’ అని కూడా అన్నారు. ఆ పేరు సంవత్సరం నుంచి వచ్చినదే అయినా, మాంసమూ మేదస్సూ కరిగి అస్థి మాత్రమే మిగిలిన ఆ కాలపు దేహాలకు అది మరో అర్థంలోనూ సరిపోయింది.

పుర్రెల కరువు

1791-92 నాటి కరువు చరిత్ర గ్రంథాల్లో ‘డోజీ బర’ అనీ, పుర్రెల కరువు అనీ నమోదయింది. ‘బర’ కన్నడంలో కరువు. తెలుగు, కన్నడం కలగలిసిన ఆదోని సీమకు అది పరాయి మాట కాదు. 1789 నుంచి వరుసగా వర్షాలు విఫలమైన సంగతిని కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ గోదావరి సీమలోని సామర్లకోటలో నమోదు చేశాడు. ఆ అనావృష్టికి బలమైన ఎల్‌నినో కారణమని తరువాతి పరిశోధకులు గుర్తించారు. అప్పటికే ఆదోని యుద్ధాలతో నలిగి ఉంది. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టుకున్నాడు. తరువాత అది తిరిగి నిజాం పాలనకు వచ్చింది.

చనిపోయినవారిని పూడ్చడానికీ, దహనం చేయడానికీ మనుషులు లేక ఎముకలు దారుల వెంట, పొలాల్లో తెల్లబడి పడి ఉన్నందువల్ల ఆ పేరు వచ్చింది. ఈ వివరం మరణాల సంఖ్యతో పాటు మరొక సంగతినీ తెలుపుతున్నది. దహనం చేసే కుటుంబాల్లో చితి చల్లారిన తరువాత అస్థిసంచయనం జరుగుతుంది. ఏరిన ఎముకలను నదిలో కలుపుతారు. ఆదోని సీమ వారికి ఆ నది తుంగభద్ర. పూడ్చే ఆచారం గల లింగాయతులూ ముస్లిములూ దేహాన్ని మట్టికి అప్పగిస్తారు. ఆచారాలు వేరైనా, మనిషి ఎముక నలుగురి కంటపడకూడదన్నది అందరికీ సమానమైన మర్యాద. పుర్రె దారిలో కనిపించిందంటే ఆ మనిషికి కర్మ చేయవలసిన కొడుకు, మోయవలసిన నలుగురు, గుంట తవ్వవలసిన పొరుగువాడు కూడా లేకుండా పోయారన్నమాట. కాబట్టి ఈ పేరు ఆకలితో పాటు బంధువర్గం, గ్రామవ్యవస్థ కూలిపోవడాన్ని కూడా నమోదు చేసింది.

డొక్కల కరువు

నందన నామ సంవత్సరమైన 1832-33లో వచ్చిన కరువుకు గుంటూరు కేంద్రం. సుమారు అయిదు లక్షల జనాభాలో మృతులు ఒకటిన్నర లక్ష నుంచి రెండు లక్షల వరకు ఉంటారని అంచనాలున్నాయి. కృష్ణా ఆనకట్ట ఆవశ్యకతను చర్చించినప్పుడల్లా ఈ కరువు ప్రస్తావన వచ్చేది. ఆ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది.

తెలుగువారు దీనిని డొక్కల కరువు అన్నారు. ‘డొక్క’ అన్న మాటకు పొట్ట అనీ, దేహపు పక్కభాగం అనీ రెండర్థాలున్నాయి. తిన్న మనిషికి పొట్ట నిండుగా ఉండి పక్కటెముకలు కనబడవు. పస్తున్న మనిషికి పొట్ట లోపలికి పోయి పక్కటెముకలు బయటపడతాయి. ‘డొక్కలు ఎండాయి’ అన్నప్పుడు ఈ రెండూ ఒకే మాటలో వ్యక్తమవుతాయి. పుర్రె మృతునికి గుర్తు కాగా ఎండిన డొక్క ఇంకా బతికి ఉన్నవానికి గుర్తు. గంజి పోస్తే అతడు బతుకుతాడు. ఈ పేరులో సమయం మించిపోలేదన్న సూచన కూడా ఉంది.

ధాత కరువు – కొలతల వివాదం

1876-78 కరువు ఆ సూచనను పాలకుల ముందు నిలిపింది. మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలుమార్గం 1871లోనే పూర్తయి ఆదోని మీదుగా నడుస్తున్నది. ధాన్యం రైలులో చేరినా, కొనే శక్తి లేనివారికి అది అందలేదు. కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా 1877 ఆరంభంలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల్లో పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డబ్ల్యు. ఆర్. కార్నిష్ దానిని వ్యతిరేకించి, కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు పప్పు, కూరగాయలు అవసరమని వాదించాడు. మార్చిలో మద్రాసు ప్రభుత్వం ధాన్యాన్ని ఒకటిం పావు పౌనుకు పెంచి కొంత పప్పు చేర్చింది. కష్టపడే దేహానికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న ఆ విధంగా రాజ్యవిధానంలోకి ప్రవేశించింది.

అదే కాలంలో సైనికాధికారి విలాబీ వాలెస్ హూపర్ తీసిన ఛాయాచిత్రాలు పక్కటెముకలు లెక్కించదగిన స్థితిలో ఉన్న కుటుంబాలను లోకానికి చూపాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జిల్లా సుమారు అయిదవ వంతు, కర్నూలు జిల్లా నాలుగవ వంతుకు పైగా జనాన్ని కోల్పోయాయి. 1880 నాటి కరువు కమిషను నివేదిక, ఆపైన వచ్చిన కరువు నియమావళి ఈ అనుభవం నుంచి పుట్టాయి.

వెన్ను

ఈ పరిశీలనలో చేర్చవలసిన మూడవ మాట వెన్ను. అది కరువుకు పేరు కాలేదు గాని కరువు స్వభావాన్ని వివరిస్తుంది. తెలుగులో వెన్ను అంటే వీపు నడుమనున్న ఎముక. కొర్ర, సజ్జ, వరి పైర్ల కంకి కూడా వెన్నే. పైరు వెన్ను తీయని ఏడు మనిషి వెన్ను బయటపడుతుంది. ఎమ్మిగనూరు మగ్గాలకూ ఈ సంబంధం వర్తిస్తుంది. రైతు చేతిలో గింజ లేనినాడు చీర కొనేవారుండరు. పొలం లేని నేతకారుడు ఆ ఆకలిని రైతుతో పాటే, కొన్నిసార్లు రైతు కంటే ముందే అనుభవిస్తాడు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ప్రాముఖ్యాన్ని ఈ నేపథ్యంలో గ్రహించాలి.

ముగింపు

పుర్రె, డొక్క అన్న పేర్లు రెండు దశలను, రెండు వైఫల్యాలను సూచిస్తున్నాయి. డొక్క ఎండడం తిండి అందకపోవడానికి గుర్తు. పుర్రె తెల్లబడడం తోటిమనిషి కూడా మిగలకపోవడానికి గుర్తు. ఇరవయ్యో శతాబ్దం నడుమ రాయలసీమను పట్టిన కరువును తలచుకొనేవారు గంజి కేంద్రాలను ప్రస్తావిస్తారు. జ్ఞాపకంలో ఎముక స్థానాన్ని గంజి ఆక్రమించడం సాయం కొంతవరకైనా సకాలంలో అందిందనడానికి భాష ఇస్తున్న సాక్ష్యం. జనాభా లెక్కలు పోయినవారి సంఖ్యను భద్రపరిచాయి. పోయే ముందు వారు ఎలా కనిపించారో, పోయిన తరువాత వారికి ఏమి జరగలేదో భద్రపరిచినవి ఈ పేర్లు. కనుక కరువుల చరిత్రకు ఉపయోగించే ఆధారాల్లో అధికార నివేదికలతో పాటు వీటికీ స్థానం ఉండాలి.